పిల్లికి వలదన్న ఉల్లి
ద్రాక్షతోటలకు పేరొందిన మేడ్చల్, శామీర్‌పేటలలో నేడు వెలసిన యిండ్ల పెరళ్లకు వచ్చు పిల్లికి, ఆదివారమునాటి బిర్యానీలో మిగిలిన వేయించిన ఉల్లిపాయలను వాత్సల్యముతో వేయు మనము, ఉల్లి వెల్లుల్లులు పచ్చివైనను వండినవైనను దాని రక్తకణములను ఛిద్రము చేయునని యెరుగము. నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాముల ఉల్లియే చాలును! విషలక్షణములు వెంటనే కానరావు. కొన్ని దినములకు అది తిండి మాని మూల నొదుగును, పెదవి యెత్తి చూచిన గులాబివన్నె చిగుళ్లు పాలిపోయి యుండును, మూత్రము ముదురురంగు దాల్చును. ద్రాక్షయు పెట్టరాదు, కుక్కల మూత్రపిండములను అది చెరచుట తెలిసినదే. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింప జూచువారు గలరు; అది మరింత ప్రమాదము. ఏమి, ఎంత, ఎప్పుడు తిన్నదో వ్రాసికొని వెంటనే పశువైద్యుని కడకు కొనిపొండు. చిగుళ్లు తెల్లబడువరకు ఆగకుడు.