పాఠం చెప్పే చేతులు కావాలి

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకుని, 1965 వలస చట్టం తలుపు తీశాక ఒకరి వెనక ఒకరుగా అమెరికా చేరిన డాక్టర్ల తరం ఇప్పుడు ప్రాక్టీసు చాలిస్తోంది. ఆ వీడ్కోలు విందుల్లో తరచూ వినిపించే మాట, "మా తర్వాత ఎవరు?" అని. ఇక్కడి సంగతికి నాకు బెంగ లేదు. ఏటా రెసిడెన్సీలు పూర్తిచేసుకుని కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు, వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. నా బెంగంతా ఆ పాత తరం బయల్దేరిన చోటు గురించే.

1923లో విశాఖలో మొదలై, 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీగా పేరు మార్చుకున్న కాలేజీయే చాలాకాలం ఉత్తరాంధ్ర అంతటికీ దిక్కు. ఇప్పుడలా కాదు. జూట్ మిల్లు ఊరుగా మనకు తెలిసిన నెల్లిమర్లలో 2002 నుంచి మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ నడుస్తోంది. శ్రీకాకుళంలో రిమ్స్ వచ్చింది. 2023లో విజయనగరంలో 150 సీట్లతో ప్రభుత్వ కాలేజీ తెరిచారు. చీపురుపల్లి పిల్ల ఇంటి నుంచి బస్సెక్కి వెళ్ళి డాక్టరీ చదువుకోగలగడం చిన్న విషయం కాదు.

అయితే సీట్లు ఒక్క జీవోతో వస్తాయి, ప్రొఫెసర్లు అలా రారు. ఎంబీబీఎస్‌కి అయిదున్నరేళ్ళు, పీజీకి మూడేళ్ళు, ఆ పైన కింది మెట్లలో బోధన. మామూలు దారిలో పదిహేనేళ్ళు దాటితే తప్ప ప్రొఫెసర్ తయారు కాడు. ఈలోగా విశాఖ కార్పొరేట్ ఆసుపత్రులు ఎక్కువ జీతమిచ్చి పిలుస్తాయి. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకీ పిల్లలున్నారు, అప్పులున్నాయి.

పుస్తకంలో దొరకని చదువు ఎలాంటిదో కేజీహెచ్‌లో చదివినవాళ్ళకు తెలుసు. పాడేరు వైపు నుంచి మలేరియాతో వచ్చిన రోగి మంచం పక్కన ప్రొఫెసర్ నిలబడి, విద్యార్థి చేతిని తన చేత్తో పట్టుకుని ఎడమ పక్కటెముకల కింద ఆనించేవారు. "ఊపిరి గట్టిగా లాగమ్మా" అనేవారు. ఊపిరి లోపలికి వెళ్ళగానే ఉబ్బిన ప్లీహం అంచు కిందికి దిగి వేలికి తగిలేది. అది ఒక్కసారి తగిలితే చాలు, జన్మలో మరిచిపోరు. అలా చెయ్యి పట్టుకుని చూపించే మనిషి లేకపోతే ఎన్ని సీట్లున్నా ఆ పాఠం తరువాతి తరానికి అందదు.

ఉద్దానం సంగతే చూడండి. కవిటి, సోంపేట మండలాల్లో ఇన్నేళ్ళుగా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు, సంతోషం. ఇక కావలసింది అక్కడే కాపురముండి, జూనియర్లను తయారుచేసే నెఫ్రాలజిస్టులు.

మన సంఘం ఏటా పెట్టే ఒక్కరోజు వైద్య శిబిరాల ఖర్చును ఇటు మళ్ళించాలని నా అభిప్రాయం. బీపీ చూసి, నెలకు సరిపడా మాత్రలిచ్చి వచ్చేస్తే రెండో నెల ఆ రోగిని చూసేదెవరు? దానికి బదులు, రిటైరైన మన డాక్టర్లు ఒక్కొక్కరు రెండు మూడు నెలలు నెల్లిమర్లలోనో విజయనగరంలోనో ఉండి రౌండ్స్‌లో పిల్లల వెంట నడిస్తే బాగుంటుంది. ప్రయాణం, బస సంఘం చూసుకోవాలి. పౌరసత్వం మారినవాళ్ళు అక్కడ వైద్యం చేయాలంటే మెడికల్ కౌన్సిల్ అనుమతి ఉండాలి కాబట్టి కాలేజీతో ముందుగానే మాట్లాడుకోవాలి. కదలలేనివాళ్ళు వారానికో కేసు చర్చ వీడియోలో నడపొచ్చు, అక్కడి సాయంత్రం ఇక్కడి ఉదయమే కదా.

వెళ్ళగలిగినవాళ్ళు మీ పేరు, మీ విభాగం, వీలయ్యే నెలలు రాసి సంపాదక వర్గానికి పంపండి. నెఫ్రాలజీ, ఎనస్థీషియా, ఎమర్జెన్సీ వైద్యం తెలిసినవాళ్ళు ముందుగా రాయండి.