పక్కింటి కుక్కరు

హాస్యనాటకంలో కథానాయకుడు మారిపోయినా ఫరవాలేదు గాని, పక్కింటివాడు మాత్రం మారకూడదు. ఈ సూత్రం నేను ఏ అలంకారశాస్త్రంలోనూ చదవలేదు. ఆదివారం రాత్రిళ్ళు టెలివిజన్ ముందు కూచుని నేర్చుకున్నాను.

“అమృతం” మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా మూడువందల పైచిలుకు భాగాలు నడిచింది. నిర్మాత గుణ్ణం గంగరాజుగారు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు. వారి భార్యలు సంజీవిని, శాంత. “అమృత విలాస్” అని వొక హోటలు, అందులో సర్వం అనే సర్వరు. వీళ్ళందరి నెత్తిమీద యింటి యజమాని అప్పాజీ. అంతే బంధుకోటి. ఈ ఆరుగురితో ఆరేళ్ళు నెట్టుకొచ్చారు. మహాభారతానికి కూడా యింత పొదుపు చేతకాలేదు.

అమృతం వేషం మొదట శివాజీరాజాది. తరవాత నరేష్ వచ్చాడు. ఆ తరవాత హర్షవర్ధన్. ముఖం మారింది, గొంతు మారింది, సంజీవిని మొగుడు మాత్రం అమృతమే! మేము నాలుగు రోజులు గొణిగి వూరుకున్నాం. కాని అంజి అంటే గుండు హనుమంతరావే, అప్పాజీ అంటే శివన్నారాయణే, సర్వం అంటే వాసు ఇంటూరే. హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు మా వీధి కిరాణా కొట్లో ఆయన పేరు ఎవరూ అనలేదు. “అంజి పోయిండట” అనే అనుకున్నారు.

ఎందుకిలా? నాకు తోచింది చెబుతాను. అమృతానికి వచ్చే ఆలోచనలు ఎవరికైనా రావచ్చు. రాత్రికి రాత్రి డబ్బు గడించాలని మీకూ నాకూ మాత్రం లేదా? అది చెడిపోతే మనకు మిగిలేది చిన్న దుఃఖం. అదే పని అంజిని వెంటేసుకుని చేస్తే, చూసి తెల్లబోవటానికి వొక ముఖం వుంటుంది. ఆ ముఖమే హాస్యం. అంచేత తప్పు చేసేవాణ్ణి మార్చవచ్చు గాని, చూసేవాణ్ణి మారిస్తే నాటకం కూలిపోతుంది.

మన సినిమాకు ఈ రహస్యం పాతదే. 1953 నాటి “పక్కింటి అమ్మాయి”లో రేలంగి ప్రేమ కిటికీ దాటిన ప్రేమే. పాట రాని తను పాటగాడైన స్నేహితుడి గొంతు అరువు తెచ్చుకుని పెదవులు కదుపుతాడు. ఆ స్నేహితుడు సాక్షాత్తు ఏ.ఎం. రాజా. పక్కిల్లే లేకపోతే ఆ పాట ఎవరి కోసం?

ఇక అమెరికావాళ్ళ సంగతి. అక్కడ 1951లో “ఐ లవ్ లూసీ” అనే ధారావాహిక మొదలైంది. లూసీగా లూసిల్ బాల్, మొగుడు రికీగా ఆవిడ నిజం మొగుడు డెసీ ఆర్నాజ్. అదే భవనంలో వుండే ఎథెల్, ఫ్రెడ్ దంపతులే వాళ్ళ యింటి యజమానులు కూడా. అంటే మన అంజినీ అప్పాజీనీ కలిపి వొక జంటగా చేశారన్నమాట.

1952 సెప్టెంబరు 15న ప్రసారమైన భాగం మా అబ్బాయి ఈమధ్య ఫోనులో చూపించాడు. లూసీ బ్యాంకులో లేని డబ్బుకు చెక్కు రాస్తుంది. రికీకి కోపం వస్తుంది. సంపాదించటం కష్టమా, యిల్లు దిద్దటం కష్టమా అని వాదన పెరిగి, ఆడవాళ్ళిద్దరూ ఉద్యోగానికీ, మొగవాళ్ళిద్దరూ వంటింటికీ పోవటానికి పందెం పడుతుంది.

ఆడవాళ్ళకు చాకొలెట్ల కర్మాగారంలో పని దొరుకుతుంది. కదిలే పట్టీ మీద చాకొలెట్లు వస్తుంటాయి, వాటికి కాగితం చుట్టాలి. వొక్కటి చుట్టకుండా పోయినా ఉద్యోగం వూడుతుందని పైఅధికారిణి హెచ్చరిస్తుంది. పట్టీ వేగం పెరిగేసరికి చుట్టలేనివి నోట్లో కుక్కుకుంటారు, టోపీల్లో దాస్తారు, రవికల్లో దోపుకుంటారు. అధికారిణి వచ్చి చూస్తుంది. పట్టీ ఖాళీగా వుంది. “భేష్” అని వేగం మరికాస్త పెంచమంటుంది! ఈ ఘట్టం లోకమంతా మెచ్చుకున్నది. నాకు మాత్రం వంటింటి ఘట్టమే నచ్చింది.

నలుగురికి బియ్యం ఎంత పొయ్యాలో రికీకి తెలియదు. ఫ్రెడ్‌ను అడుగుతాడు. మనిషికి వొక పౌను చొప్పున పోద్దామంటాడు ఫ్రెడ్. అంటే నలుగురికి దాదాపు రెండు కిలోలు. ఉడికిన బియ్యం మూడింతలవుతుందని మన యిళ్ళలో పదేళ్ళ పిల్లకు తెలుసు. అన్నం గిన్నె మూత తోసుకుని, పొయ్యి మీదికి దిగి, నేల మీదికి జారుతుంటుంది. మరో పక్క ప్రెషర్ కుక్కర్లలో పెట్టిన కోళ్ళు పేలి పైకప్పును తాకుతాయి. రికీ వొక్కడే ఆ వంటింట్లో వుంటే మనం అయ్యో పాపం అనుకుందుము. ఇద్దరు అజ్ఞానులు గంభీరంగా కొలత తేల్చుకోవటంలో వుంది నవ్వు. ఆ రోజు స్టూడియోలో కూచుని చూసిన జనం నవ్వింది అసలు నవ్వే. అరువు నవ్వు కాదు.

కుక్కరు అన్నాను కనక మా యింటి ఎదుటి తలుపు సంగతి చెప్పాలి. కరీంనగర్‌లో మేముండే అపార్టుమెంటులో మా ఎదురుగా వొక పెద్దాయన వొంటరిగా వుంటాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అప్పుడది ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి మంచిర్యాల. భార్య పోయింది, బిడ్డ పరదేశంలో వుంది. కంపెనీ క్వార్టర్లలో వొకే గోడకు అటొక సంసారం, యిటొక సంసారం. “అవుతలింట్ల తుమ్మితె ఇవుతల సల్లగుండు అనేటోళ్ళం సారూ” అంటాడు.

మా ఆవిడకు ఆయన కుక్కరు కూతలు లెక్కపెట్టటం అలవాటు. అన్నానికి మూడు, పప్పుకు నాలుగు. ఇది మర్యాద కాదని నేను చాలాసార్లు చెప్పాను. మా అసోసియేషన్ మీటింగులో కుక్కరు కూతలవల్ల పిల్లల చదువు పాడవుతున్నదని వొకరు ఫిర్యాదు కూడా చేశారు. ఆవిడ మానలేదు.

పోయిన వానాకాలం వొక పొద్దున ఏడు కూతలయ్యాయి. ఎనిమిదోది రాలేదు. వాసన వచ్చింది. “పప్పుకు ఏడేంది?” అంటూ ఆవిడ లేచింది. ఫోను చేస్తే తియ్యలేదు. ఎప్పుడో తలుపు పడి బయట చిక్కుకున్ననాటి నుంచి ఆయన మారు తాళంచెవి మా గోడకు వేలాడుతున్నది. తెరిచి చూస్తే పెద్దాయన స్నానాలగదిలో జారిపడి, లేవలేక, అప్పటికి అరగంటగా పిలుస్తున్నాడు. రెండు తలుపుల అవతలికి ఆ గొంతు రాలేదు. కుక్కరు గొంతు మాత్రం వచ్చింది. మమ్మల్ని చూసి ఆయన అన్న మొదటి మాట:

“బిడ్డా, ముందుగాల పొయ్యి బంద్ జెయ్యి. పప్పు మాడుతాంది.”

తుంటి ఎముకలో చీలిక. నెలన్నర మంచం. పలకరించటానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ కథ చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా కూతలు పెరిగేవి. దసరా నాటికి పదిహేనయ్యాయి. అందరూ నవ్వేవారు. మా ఆవిడ నవ్వేది కాదు, మళ్ళీ చాయ పెట్టటానికి లోపలికి వెళ్ళేది. మీటింగులో ఫిర్యాదు చేసినాయన కూడా వచ్చి పండ్లు యిచ్చి, మొత్తం కథ విని వెళ్ళాడు.

ఆ మంచం రోజుల్లోనే ఆయనకు నేను లూసీ భాగం చూపించాను. ఇంగ్లీషు రాదు. చాకొలెట్ల దగ్గర చిరునవ్వు నవ్వాడు. బియ్యం పొంగేసరికి తుంటి పట్టుకుని మూలుగుతూ నవ్వాడు.

“నలుగురికి రెండు కిలోలా! మా బాయిల మొదటి షిఫ్టోళ్ళందరు తినొచ్చు. గా బట్టతలాయన ఎవలు సారూ?”

“ఇంటి ఓనరు, బాపూ. అదే భవనంలో వుంటాడు.”

“ఓనరా? ఓనరే అచ్చి కిరాయిదారుకు కోడికూర వండుతాండా?” కాసేపు నమ్మలేనట్టు ఫోనువంక చూశాడు. “గిది జెర అప్పాజీకి సూపెట్టాలె సారూ.”