గాజులు అమ్మవి, రసీదు నాన్నది

మా ఇంట్లో పాత కాగితాల పెట్టె ఒకటుంది. పొలం దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, మా మార్కుల జాబితాల మధ్య పసుపు రంగుకి తిరిగిన చిన్న రసీదు ఒకటి ఉంది. 1962 నవంబరు నాటిది. జాతీయ రక్షణ నిధికి ఒక జత బంగారు గాజులు ముట్టినట్టు రాసి ఉంటుంది. ఇచ్చినవారి పేరు దగ్గర మా నాన్నగారి పేరుంది.

ఆ గాజులు నాన్నగారివి కావు. అమ్మవి. పెళ్లిలో అమ్మమ్మ పెట్టినవి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. అక్టోబరు 20న చైనా దాడి మొదలయ్యాక మా వీధిలో రేడియో ఉన్న ఒక్క ఇంటి ముందూ రోజూ జనం చేరేవారు. మగవాళ్లు అరుగు మీద కూర్చుని, ఆడవాళ్లు తలుపు వెనక నిలబడి వార్తలు వినేవారు. లడఖ్ ఎక్కడుందో, నేఫా అంటే ఏమిటో మా అమ్మకి తెలియదు. అయినా ఊళ్లో విరాళాల సభ పెట్టిన రోజున, ఎవరూ అడక్కుండానే, చేతికి సబ్బు రాసుకుని ఆ బిగుతు గాజులు తీసి కొంగున ముడేసుకుని వచ్చింది. "ఆ మంచులో పిల్లలు ఎట్లా ఉన్నారో ఏమో" అంది. అంతే. పద్దు రాసే ఆయన "ఎవరి పేరున రాయమంటారండీ?" అని నాన్నగారిని అడిగాడు. ఆయన అలవాటు కొద్దీ తన పేరు చెప్పారు. మా నాన్నగారు చెడ్డవారు కారు. ఆ ప్రశ్న అమ్మని అడగాలని అక్కడున్న ఎవరికీ తోచలేదు. అమ్మకీ తోచలేదు.

అప్పటికి మన గణతంత్రానికి నిండా పదమూడేళ్లు లేవు. అంతకుముందు దేశమంటే చాలామందికి తమ ఊరు, తమ కులం, మహా అయితే తమ భాష. మద్రాసులో ప్రత్యేక ద్రవిడనాడు కావాలన్న డి.ఎం.కె. కూడా ఈ యుద్ధం తర్వాత, 1963లో ఆ కోరిక వదులుకుంది. ఎన్నో ఉపన్యాసాలు చేయలేని పని నెల రోజుల యుద్ధం చేసింది. ఢిల్లీలో ఇందిరాగాంధీ నగలు ఇచ్చారు. మా ఊళ్లో అమ్మ ఇచ్చింది. ఇద్దరూ ఒకే దేశం మనుషులని మా అమ్మకి మొదటిసారి తెలిసింది బహుశా అప్పుడే. ఆ భావం గొప్పది. దాన్ని తక్కువ చేయడానికి నేనిది రాయడం లేదు.

కానీ ఒక్క సంగతి నన్ను వదలదు. ఇదే గణతంత్రం పదేళ్ల ముందు ఆడవాళ్ల పేరు కోసం ఎంత పట్టుబట్టిందో తెలుసా? 1951-52 మొదటి ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితా రాయడానికి వెళితే లక్షలాది స్త్రీలు సొంత పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని రాయించుకున్నారు. అలా కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దాదాపు 28 లక్షల మందిని జాబితా లోంచి తీసేయించారు. కఠినంగా అనిపిస్తుంది గానీ, నీ పేరు నీకుండాలి, అప్పుడే నువ్వు పౌరురాలివి అని ఈ దేశం ఆడదానితో అన్న మొదటి మాట అదే. 1956లో హిందూ వారసత్వ చట్టం స్త్రీ సొత్తు మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చింది. ఆ లెక్కన గాజులు ముమ్మాటికీ అమ్మవే. మరి యుద్ధం వచ్చేసరికి ఆ పేరు ఏమైపోయింది?

"ఇంట్లో ఎవరి పేరైతేనేం, అంతా ఒకటే కదా" అంటారు. నిజంగా ఒకటే అయితే ఇల్లు భార్య పేరున రాయమనండి చూద్దాం!

యుద్ధం ఆగిన తర్వాత కూడా ప్రభుత్వం చెయ్యి మన నగల పెట్టె దాకా వచ్చింది. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదన్నారు. మా వీధి చివర ఆచారిగారి కుంపటి ఆరిపోయింది. దేశంలో ఎందరో స్వర్ణకారులు పని పోయి రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత 1968లో దాన్ని చట్టమే చేశారు, 1990లో గానీ ఎత్తేయలేదు. కష్టకాలానికి ఆడవాళ్లు దాచుకునేది ఆ కాస్త బంగారమే కదా, దాని మీద ఇన్నేళ్లు ఆంక్షలు పెట్టేటప్పుడు మన మాట ఎవరడిగారు? 1965 యుద్ధం నాటికి తిండి కరువొచ్చింది. వారానికో పూట భోజనం మానండని లాల్ బహదూర్ శాస్త్రిగారు కోరారు. సోమవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పిల్లలకు మాత్రం మధ్యాహ్నం అన్నం దాచి పెట్టేది అమ్మ. తనకి మిగిలేది మంచినీళ్లు. మిగతా ఆరు రోజులూ ఆఖర్న తినేది ఎవరో మీకు చెప్పాలా?

ఆ ఏడాది జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో ప్రతిజ్ఞ చెప్పించారు. దాన్ని 1962లో తెలుగులో రాసింది మన నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. అప్పుడాయన విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవారు. కోట్లమంది పిల్లలు రోజూ చెప్పిన మాటలు ఎవరు రాశారో చాలా ఏళ్ల పాటు ఎక్కువ మందికి తెలియదు. చెయ్యి చాచి, దేశంలోని వారంతా నా తోబుట్టువులని నేనూ గట్టిగా చెప్పేదాన్ని. 1962 నవంబరు నుంచి ఈ దేశంలో పుట్టి పెరిగిన చైనా సంతతి వాళ్లను, పసిపిల్లల్నీ తల్లుల్నీ సహా, దాదాపు 3000 మందిని రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో బంధించారనీ, వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. చేసిన తప్పేమిటి? వాళ్ల పేరు, వాళ్ల ముఖం. దేశం మీద ప్రేమ పెరిగే రోజుల్లోనే అనుమానమూ పెరుగుతుంది. మన పక్కింటి మనిషినే పరాయి చేస్తుంది. అది కూడా మన చరిత్రే. పిల్లలకు చెప్పాల్సిందే.

ఇక వీరుల భార్యల సంగతి. అధికార లెక్కల ప్రకారం 1962లో 1383 మంది జవాన్లు చనిపోయారు, ఇంకా 1696 మంది ఆచూకీ తెలియలేదు. ఆచూకీ తెలియని మనిషి భార్య బొట్టు పెట్టుకోవాలా, తీసెయ్యాలా? శౌర్య పతకంతో వచ్చే నెలసరి భృతి భర్త పోయాక భార్యకు వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం ఆగిపోయేది. 1995లో కాస్త సడలించారు. ఎలాగంటారా? చనిపోయిన భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే ఇస్తామన్నారు! ఆ షరతు తీసేసింది 2017 నవంబరులో. అంటే మొన్నమొన్నటి దాకా వీరుడి భార్య ఎవరిని చేసుకోవాలో భృతి కాగితమే చెప్పింది.

మార్పు లేదని అనను. 1992లో సైన్యంలో వైద్య, నర్సింగు విభాగాలు దాటి ఆడపిల్లలు అధికారులయ్యారు. శాశ్వత కమిషన్ కోసం కోర్టుకెక్కి 2020లో సుప్రీం కోర్టులో గెలిచారు. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డు మీద ఇంటి పెద్దగా స్త్రీ పేరు రాయమంది. ఇవేవీ ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు. పేరు పేరునా అడిగి తెచ్చుకున్నవి.

అందుకే నేననేది ఒక్కటే. దేశం పిలిస్తే ఇద్దాం. మా అమ్మలాగే, అడక్కుండానే ఇద్దాం. కానీ రసీదు మన పేరున రాయించుకుందాం. ఇచ్చింది ఏమైందని అడుగుదాం. యుద్ధం ఎందుకొచ్చింది, పిల్లల్ని అంత చలిలోకి సరైన దుస్తులు లేకుండా ఎందుకు పంపారు అని అడగడం దేశద్రోహం కాదు. గాజులు ఇచ్చిన చేతికి ఆ హక్కు ఉంది.

అమ్మ ఆ తర్వాత చివరిదాకా మట్టి గాజులే వేసుకుంది. బాధ లేదా అని ఒకసారి అడిగాను. "ఇచ్చినందుకు బాధేమిటే? ఒక్కసారి నా పేరు అడిగుంటే బాగుండేది" అంది.

అప్పటిదాకా నేనూ అడగలేదు.