టు-డూ లిస్టుకి యజమాని ఎవరు?

మన ఐటీ వాళ్ళలో టైం మేనేజ్‌మెంట్ పిచ్చి లేనివాళ్ళు తక్కువ. డేవిడ్ ఆలెన్ 2001లో రాసిన ‘గెటింగ్ థింగ్స్ డన్’ పట్టుకున్నవాళ్ళు కొందరు, ఫ్రాన్సెస్కో సిరిల్లో చెప్పినట్టు టొమాటో గడియారం పెట్టుకుని 25 నిమిషాల చొప్పున పనిచేసేవాళ్ళు ఇంకొందరు. నేను రెండూ వాడతాను. నేను క్రైస్తవుణ్ణి కూడా. మరి ఈ పద్ధతులకీ విశ్వాసానికీ పొత్తు కుదురుతుందా?

సంఘంలో యూత్ మీటింగుల్లో రెండు రకాల మాటలు వింటుంటాను. “ఇవన్నీ లోకసంబంధమైనవి, ప్రార్థన చేస్తే టైం అదే సర్దుకుంటుంది” అనేది ఒకటి. ప్రతి టిప్పుకీ ఒక వాక్యం అతికించి “ఇది బైబిల్ పద్ధతే” అనేది రెండోది. నా మటుకు నాకు రెండూ నచ్చవు.

నిర్గమకాండం 18వ అధ్యాయం తీయండి. మోషే పొద్దున్నించి సాయంత్రందాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తున్నాడు. మామ యిత్రో అది చూసి, ఇలాగైతే నువ్వూ అలిసిపోతావు, జనమూ అలిసిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టమన్నాడు. కష్టమైన తగువులే మోషే దగ్గరికి రావాలి. మన భాషలో చెప్పాలంటే ఎల్1, ఎల్2 సపోర్టు! ఆ యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు, మిద్యాను యాజకుడు. బయటివాడు చెప్పాడని మోషే తోసెయ్యలేదు. మంచి పద్ధతికి బాప్తిస్మం ఇప్పించాల్సిన పనీ లేదు.

చిక్కల్లా ఆ పద్ధతి మనిషిని ఎలా చూడమంటుందనే దగ్గరే. ఆ 25 నిమిషాల మధ్యలో ఎవరొచ్చినా అది అంతరాయం, తర్వాత మాట్లాడదామని పంపెయ్యాలి. ఆఫీసులో ఇది బాగానే నడుస్తుంది. కానీ నేనుండేది మాదన్నపేటలో. మలక్‌పేటలో మెట్రో దిగి మా గల్లీలోకి వచ్చేసరికి “బేటా, జర ఈ మెసేజ్ ఏందో చూడు” అంటూ పక్కింటి ఖాలా ఫోను పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒకరికి ఓటీపీ, ఒకరికి ఆధార్ లింకు, ఇంకొకరికి పిల్లాడి స్కాలర్‌షిప్ ఫారం. వీళ్ళెవరూ నా లిస్టులో లేరు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యేసు యాయీరు ఇంటికి బయల్దేరాడు. పన్నెండేళ్ళ కూతురు చావుబతుకుల్లో ఉంది. సివియారిటీ 1 టికెట్ అన్నమాట. దారిలో పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒకావిడ ఆయన వస్త్రం ముట్టుకుంది, బాగైపోయింది కూడా. టికెట్ క్లోజ్! అయినా ఆయన ఆగాడు, ముట్టిందెవరని వెదికాడు, ఆవిడ చెప్పిందంతా విన్నాడు. ఈలోగా పాప చనిపోయిందని కబురొచ్చింది. తర్వాత ఆ పాపనీ బతికించాడు, అది వేరే సంగతి. ఏ టైం మేనేజ్‌మెంట్ పుస్తకమైనా అక్కడ ఆగమంటుందా?

మన దగ్గరే చూడండి, మెదక్ చర్చి ఉంది కదా. 1914లో మొదలుపెడితే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. తక్కువమందితో త్వరగా లాగించేసి ఉంటే ప్లాను అందంగా ఉండేదేమో, కంచాలు మాత్రం ఖాళీగా ఉండేవి. పని ఎంత వేగంగా చెయ్యాలో పద్ధతి చెప్తుంది, ఎవరికోసం చెయ్యాలో చెప్పలేదు.

“ఇలా అందరికోసం ఆగితే డెడ్‌లైన్ల సంగతేంటి?” అంటారా... అసలు పద్ధతి కావాల్సింది అందుకే. పనులన్నీ బుర్రలో మోసుకు తిరిగేవాడికి ఖాలా ఎదురుగా నిలబడ్డా కనపడదు. కాగితం మీద పెట్టేసినవాడికి ఆగి చూసే తీరిక ఉంటుంది.

అందుకే సాయంత్రం ఒక గంట నా క్యాలెండర్‌లో ఖాళీ, అది గల్లీది. ప్రార్థనకి యాప్‌లో టిక్కులు పెట్టను, అమ్మతో మాట్లాడినందుకు లెక్క రాసుకుంటామా? గుంటలో పడ్డ ఎద్దుని సబ్బాతునాడైనా పైకి లాగుతారు, కాబట్టి ప్రొడక్షన్ డౌన్ అయితే ఆదివారమైనా లేస్తాను. సోమవారం స్టేటస్ కాల్‌లో గొప్పగా కనపడ్డానికి మాత్రం లాప్‌టాప్ తెరవను.

మీరు క్రైస్తవులు కాకపోయినా ఈ ప్రశ్న మీది కూడా. లిస్టులో లేని మనిషి గుమ్మంలో నిలబడితే మీ పద్ధతి ఏం చెయ్యమంటోంది?