కల్యాణకట్టలో లేని అంటు ఊళ్లో ఎందుకు?

మేడారం జాతర ఏడాది మా ఆదిలాబాద్ పల్లెలవాళ్లు ముందుగా వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించడం ఆనవాయితీ. మా దళితవాడదీ అదే దారి. నా పుట్టువెంట్రుకలు తీయించింది అక్కడి కల్యాణకట్టలోనే. టికెట్టు అడిగారు తప్ప కులం అడగలేదని అమ్మ చెప్పేది.

ఊళ్లో మాత్రం నాన్న తలకు మంగలికత్తి ఆనలేదు. వాడలోనే ఒకరి తల ఒకరు గొరుక్కునేవారు. ఇందుకు నాయీబ్రాహ్మణుణ్ణి మాత్రమే తప్పుపట్టలేను. మమ్మల్ని ముట్టిన చేతితో తాము గడ్డం గీయించుకోబోమని పెద్దకులాలవారు అంటే, కల్లంలో ఆయనకు దక్కే గింజలు ఆగిపోయేవి. పొద్దున్నే ఎదురైతే అపశకునమని ఆయననే ఈసడించిన నోళ్లవి!

వేములవాడలో వారే, అంతకుముందు ఎవరి తల గొరిగిన చేయో విచారించకుండా తల వంచుతారు. రాలిన జుట్టంతా ఒకే కుప్ప. వేలంలో కొనేవాడికీ కులంతో పనిలేదు. తలనీలాలివ్వడమంటే అహంకారాన్ని విడవడమని వింటాం. వీరు విడిచింది వెంట్రుకలనే.

అంటరానితనంతో సేవ నిరాకరించడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. అయితే కేసులో మొదట ఎక్కేది క్షురకుడి పేరే. గింజలు ఆపుతామన్నవారి పేర్లు కూడా అదే కాగితంలో ఎక్కాలి.