కుట్లు వేశాకే అసలు వైద్యం

మామిడి టెంక మింగిన కుక్క పేగు కోసి, టెంక తీసి, మళ్లీ కుట్టడానికి అనుభవమున్న పశువైద్యుడికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ కుట్టు నిలిచిందా లేదా అన్నది మాత్రం అప్పుడు తేలదు. మొదటి రెండు మూడు రోజులు పేగును పట్టి ఉంచేది దారమే. కోసిన అంచులు మెత్తబడి, కొత్త కండ ఇంకా గట్టిపడని మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఆ కుట్టు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. అది విడిపోతే పేగులోని మురికి పొట్టలోకి కారి, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మూడో రోజున మన నగరాల్లో కుక్క ఎక్కడుంటుంది? చాలాసార్లు ఇంటి వరండాలో ఉంటుంది. యజమాని చేతిలో మందుల చీటీ, బిల్లు తప్ప మరేమీ ఉండవు. పెంపుడు జంతువుల వైద్యంలో మనం ఆపరేషన్ కొనడం నేర్చుకున్నాం గానీ, కోలుకోవడాన్ని వైద్యంలో భాగంగా ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

పేగు ఒక్కటే కాదు, అత్యవసర ఆపరేషన్లలో చాలావాటిది ఇదే తీరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఎదకు వచ్చి వెళ్లిన కొద్ది వారాలకు గర్భసంచిలో చీము పట్టడం అరుదైన జబ్బేమీ కాదు. ఇలాంటి ఆపరేషన్ మామూలుగా చేయించని స్వీడన్‌లో బీమా రికార్డులు చూస్తే, పదేళ్లు నిండేలోపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు ఆడ కుక్కలకు ఇది వస్తోంది. గర్భసంచి తీసేస్తే చీము పోతుంది గానీ, అప్పటికే రక్తంలో కలిసిన విషం మూత్రపిండాలను దెబ్బతీసి ఉండవచ్చు. అందుకే తర్వాతి రోజుల్లో సెలైన్ ఎంత ఎక్కింది, మూత్రం ఎంత వచ్చింది అని కనిపెట్టి చూడాలి. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో పొట్ట ఉబ్బి మెలిపడితే, దాన్ని సరిచేసి ఉదరం లోపలి గోడకు కుట్టేశాక కూడా రెండు మూడు రోజులు గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఆ సమయంలో ఈసీజీ ఉండాలి, చూసే మనిషి ఉండాలి.

ఇంటికి పంపిన కుక్క విషయంలో జరిగే పొరపాట్లు ప్రేమ లేక జరిగేవి కావు, తెలియక జరిగేవి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి అది జ్వరంలాగే తగులుతుంది. వెంటనే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క పెరుగన్నంలో కలిసిపోతుంది. మోతాదు తప్పితే అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఒళ్లు నొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకు పొట్టలో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం తెస్తుంది. డాక్టరు రాసిన నొప్పి మందు మెలాక్సికామ్‌కు అది తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. గాయానికి పసుపు పూస్తారు, కుక్క దాన్ని నాకుతుంది, నాకుతూ కుట్లు లాగేస్తుంది. పాపమని మెడ చుట్టూ పెట్టిన గరాటు తీసేస్తారు. చర్మం కుట్లు విప్పడానికి పది నుంచి పద్నాలుగు రోజులు ఆగాలని, అన్నాళ్లూ పరుగులు, మెట్లెక్కడం మాన్పించాలని చెప్పినా, రెండో రోజుకే తోక ఊపుతున్న జంతువును కట్టేయడానికి ఎవరికీ మనసొప్పదు. పథ్యం సంగతి ఇంకా చిత్రం. పేగు ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి పస్తు పెట్టడం పాత పద్ధతి. వాంతులు లేకపోతే ఒక రోజులోపే కొద్దికొద్దిగా తేలికపాటి తిండి మొదలుపెడితే పేగు త్వరగా మానుతుందన్నది నేటి పశువైద్యం మాట. ఇవన్నీ ఒక కాగితానికి రెండు వైపులా తెలుగులో పట్టే విషయాలే.

నొప్పి మాట వేరుగా చెప్పుకోవాలి. కుక్క నొప్పిని దాచుకుంటుంది. మూలగలేదు కాబట్టి బాగుందనుకోవడం మన అంచనా మాత్రమే. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రూపొందిన కొలబద్ద ఒకటుంది. గాయం చుట్టూ మెల్లగా నొక్కితే ఏం చేస్తుంది, నడక ఎలా ఉంది, గాయాన్ని చూసుకుంటోందా అని గమనించి 24కు మార్కులు వేస్తారు. ఆరు, అంతకు మించి వచ్చాయంటే మందు చాలడం లేదని అర్థం. దీనికి యంత్రం అక్కర్లేదు, రాసుకునే అలవాటు చాలు. ఆ అలవాటుకు కూడా తీరిక లేదనే క్లినిక్‌ను అనుమానించాల్సిందే.

ఒక్క డాక్టరు, ఒక్క సహాయకుడితో నడిచే క్లినిక్ రాత్రంతా ఎలా మేలుకుంటుందని పశువైద్యులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పగలంతా కోత కోసిన మనిషిని రాత్రి కాపలా ఉండమనడం అన్యాయం. బ్రిటన్‌లో ఈ పని శిక్షణ పొంది రిజిస్టర్ అయిన పశువైద్య నర్సులది. మన దగ్గర ఆ వృత్తికి గుర్తింపే లేదు. పది పాసైనవారికి రెండేళ్ల డిప్లొమా ఇచ్చే పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి గానీ, వాటి దృష్టంతా పాడి పశువులు, గొర్రెలు, కోళ్ల మీదే. వాటిలో పెంపుడు జంతువుల శుశ్రూష ఒక శాఖగా చేరితే నగరాల్లో ఆ పిల్లలకు ఉద్యోగాలు ఎదురుచూస్తాయి. రాత్రి వార్డు ప్రతి క్లినిక్‌లోనూ అక్కర్లేదు. నాలుగైదు క్లినిక్‌లు కలిసి ఒక్కటి నడుపుకోవచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో విద్యార్థుల వంతులతో దాన్ని నడిపితే వారికి అంతకుమించిన పాఠం ఉండదు. ముంబయిలో టాటా ట్రస్టులు 2024లో 24 గంటల జంతువుల ఆసుపత్రి తెరిచాయి. ఆ స్థాయి భవనం మనకు అవసరమని కాదు, రాత్రిపూట మెలకువగా ఉండే ఒక నర్సు అవసరం.

మనుషుల ఆసుపత్రుల్లోనే మంచానికి ఇద్దరుంటే కుక్కలకు వార్డులా అని కోప్పడేవారున్నారు. ఆ కోపానికి కారణం ఉంది, గురి తప్పిందంతే. పాడి పశువుల కోసం తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో తెచ్చిన 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలను కుక్కల వైపు మళ్లించమని ఇక్కడ అడగడం లేదు. రైతు గేదె ముందు, అందులో వాదన లేదు. ఈ వైద్యానికి డబ్బు పెట్టేది యజమానే. పైగా చాలామంది మధ్యతరగతి వాళ్లు, అప్పు చేసి మరీ పెడుతున్నారు. అంత ఖర్చయ్యాక ఐదో రోజున కుట్టు విడిపోయి మళ్లీ కోయాల్సి వస్తే రెండో బిల్లు కూడా వారిదే.

అందుకే ఆపరేషన్‌కు ముందు చెప్పే ఖర్చు అంచనాలో ఆ ఐదు రోజులూ విడిగా కనబడాలి. రాత్రి పర్యవేక్షణ ఉందా, లేకపోతే ఎక్కడ దొరుకుతుంది, చిగుళ్లు పాలిపోతే, వాంతులు మొదలైతే, తిండి మానేస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది సంతకానికి ముందే తెలియాలి. అంతా కలిపి లెక్క చూశాక కొందరు యజమానులు ఆపరేషన్ వద్దనుకోవచ్చు. ముసలి కుక్కకు, కోలుకునే అవకాశం తక్కువైనప్పుడు, నొప్పి లేకుండా వీడ్కోలు పలకడం కూడా పశువైద్యంలో ఒప్పుకున్న మార్గమే. సగం ఖర్చు మాత్రమే చెప్పి ఒప్పించిన ఆపరేషన్ కన్నా ఆ కుక్కకు అదే దయ.