బందెలదొడ్డి పునర్నిర్మాణము - దాని వ్యయమెవరిది?

మన గ్రామమున చెరువుగట్టు క్రింద నున్న బందెలదొడ్డి తూర్పుగోడ గత వర్షాకాలమున కూలిపోయినది. మిగిలిన మూడు గోడలును బీటలు వారియున్నవి. పాక కప్పు ఎగిరిపోయి యెన్ని యేండ్లయినదో చెప్పగలవారు లేరు. నీళ్లతొట్టి అడుగు పగిలి, పోసిన నీరు పోసినట్లే యింకిపోవుచున్నది. దీనిని మరల కట్టవలెనా, కట్టినచో సొమ్మెవరు పెట్టుకొనవలెను అను ప్రశ్న రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు వచ్చుచున్నది. ఆ దినమున ఆవేశముతో మాటలాడుకొనుటకంటె ముందుగా లెక్క చూచుకొనుట మేలని తలచి, మా యభిప్రాయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మొదట మేము కన్నులార చూచిన రెండు సంగతులను చెప్పెదము. గోడ పడిన పదిదినములలోపల ఒక చిన్న రైతు మడిలో రాత్రివేళ ఒక గేదెయు రెండు పెయ్యలును పడినవి. ఆయన ఐదు సెంట్లలో నారు పోసికొనియుండెను. ఐదు సెంట్ల నారు ఎకరమునకు సరిపోవును గనుక, ఆ ఐదు సెంట్లు పోయిన ఎకరము పోయినట్లే. ఆయన తగవునకు పోక, పశువులను బందెకు తోలెను. తెల్లవారులోపల అవి పడిపోయిన గోడమీదుగా వెడలివచ్చి, మిగిలిన నారును కూడ మేసినవి. మరల విత్తనము తెచ్చి నారు పోసి నాటుసరికి ఇరువది దినములు జారిపోయినవి. ఆ తరువాత పడిన గోడకు ముండ్లకంప అడ్డము వేసిరి.

రెండవది వేసవిలో జరిగినది. కూలి చేసికొని బ్రతుకు ఒక స్త్రీ ఆవు పలుపు తెంపుకొని పోగా, ఎవరో పట్టి దొడ్డిలో కట్టివేసిరి. ఆమె మిరపకోతలకు పొరుగూరు పోయియుండి మూడవనాడు తిరిగి వచ్చినది. ఆ రెండు దినములును ఆ నోరులేని జంతువునకు నీరు చూపినవారు లేరు. మేము పోయి చూచునప్పటికి అది లేవలేకుండెను. ప్రొద్దు గుంకక ముందే చచ్చినది. ఆమె ఎవరిని ఏమియు అనలేదు. మెడనుండి పలుపు విప్పి చేత పట్టుకొని యింటికి పోయినది.

మొదటి సంగతియందు నష్టపోయినవాడు పైరు గలవాడు. రెండవదానియందు నష్టపోయినది పశువు గలది. ఒక్క దొడ్డి చెడిపోవుటచేత ఇరుపక్షములకును అన్యాయమే జరిగినది. కావున ఇది పశువులు గలవారి గొడవయని భూవసతి గలవారును, భూములు గలవారి గొడవయని పశువులు గలవారును తప్పించుకొనుటకు వీలులేదు.

పైరు మేసిన పశువును పట్టి దండుగ గైకొనుట నిన్న మొన్న పుట్టిన యాచారము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఒంటెకును గేదెకును పణములో నాలుగవ వంతు, ఆవునకు గుఱ్ఱమునకు గాడిదకు ఎనిమిదవ వంతు, చిన్న జంతువులకు పదునారవ వంతు దండుగ చెప్పబడినది. ఈని పది దినములు దాటని యావునకును, గ్రామదేవత పేర విడిచిన ఆబోతునకును దండుగ లేదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన పశువుల చట్టము కూడ ఇంచుమించుగా ఈ వరుసనే నడచి, గేదెకు 8 అణాలు, ఆవునకు ఎద్దునకు 4 అణాలు, దూడకు 2 అణాలు, గొఱ్ఱెకు మేకకు 1 అణా విధించినది. పట్టిన పశువును 24 గంటలలో దొడ్డికి చేర్చవలెననియు, 7 దినములలో సొంతదారు రానిచో పోలీసు ఠాణాకు తెలుపవలెననియు, ప్రకటన యిచ్చిన పిమ్మట మరి 7 దినములు చూచి వేలము వేయవలెననియు నిర్ణయించినది. దొడ్డికాపరి మేతయు నీరును పెట్టితీరవలెనని స్పష్టముగా వ్రాసినది.

ఇంత వ్రాత యుండియు దొడ్లు నరకకూపములైనవేల? మా తలంపున కారణము సొమ్ము నడచిన త్రోవయందున్నది. ఆ చట్టము ప్రకారము దండుగలనుండి కాపరి జీతమును దొడ్డి ఖర్చులును పోగా మిగిలినది రోడ్లకు, వంతెనలకు, ఇతర ప్రజోపయోగ కార్యములకు పోవుచుండెను. రాబడి గల యేట మిగులు బయటికి పోయినది. రాబడి లేని యేట గోడకు మట్టి పెట్టుటకు పైస లేదు. తరువాత పెక్కు గ్రామములలో దొడ్డిని వేలము పాటకిచ్చు పద్ధతి వచ్చినది. పాటదారుని స్థితి విచారింపుడు. పశువులెక్కువగా పట్టుబడిన ఆయనకు లాభము. మేత తక్కువగా వేసిన ఆయనకు లాభము. ఇట్టి యేర్పాటులో కాపరి యెంత దయాళువైనను, లెక్క ఆయనను నిర్దయునిగా చేయును. దండుగమీద బ్రతుకు దొడ్డి దండుగనే కోరును. క్రొత్త దొడ్డిని కట్టి పాత లెక్కనే నడపినచో, సిమెంటు గోడల నడుమ అదే దాహము, అదే చావు.

ఇక కాలము తెచ్చిన మార్పు మరియొకటి కలదు. మన తాతల దినములలో దొడ్డిలో పడిన పశువునకై ఆ సాయంకాలమే సొంతదారు పరుగెత్తుకొని వచ్చెడివాడు. ఎద్దు లేనిదే దుక్కి లేదు, దుక్కి లేనిదే కూడు లేదు. నేడు ట్రాక్టరు వచ్చినది. దేశమున 2012 పశుగణనలో 6.79 కోట్లుండిన కోడెలు, ఎద్దులు మొదలగు మగ గోజాతి 2019 గణనలో 4.74 కోట్లకు తగ్గినది. అదే గణనలో ఎవరికిని చెందక తిరుగుచున్న గోవులు 50 లక్షలకు పైగా లెక్కకు వచ్చినవి. వట్టిపోయిన ఆవును, పనికిరాని కోడెదూడను రాత్రివేళ పొలిమేర దాటించి విడుచువారు మనలోనే యున్నారు. అట్టి పశువునకై ఎవరును రారు, వేలము వేసినను పాడువారుండరు. రహదారులమీద తిరుగు పశువులను తొలగించి రక్షణశాలలకు చేర్చవలెనని 2025 నవంబరులో సుప్రీం కోర్టు ఉత్తరువు చేసినది. చేర్చుటకు శాల యుండవలెను గదా. కావున నేడు మనము కట్టవలసినది ఒక రాత్రి నిలుపు బందె మాత్రమే కాదు. దినములు, నెలలు పశువు నిలువదగిన శాల కూడ కావలెను.

అది యెంతటిదిగా నుండవలెనో చూతము. ఒక్కసారి 20 పెద్ద పశువులు నిలుచునట్లు లెక్క వేసికొందము. గేదెకు కప్పు క్రింద 4 చదరపు మీటర్లు, ఆరుబయట 8 చదరపు మీటర్లు కావలెను. ఆవునకు 3.5, 7 చాలును. పెద్దదానినే లెక్కకు తీసికొనినను కప్పు క్రింద 80, ఆరుబయట 160, వెరసి 240 చదరపు మీటర్లు, అనగా సుమారు 6 సెంట్ల స్థలము. గడ్డివామునకును, రోగపు పశువులను వేరుగా కట్టుటకును మరి 4 సెంట్లు కలుపుకొనిన 10 సెంట్లతో సరిపోవును. పాత దొడ్డి స్థలము ఆక్రమణలను తొలగించి కొలిపించినచో దీనికి చాలును. పాక నిడివి తూర్పు పడమరలుగా నుండవలెను. అప్పుడు మన యెండలకు లోపల నీడ నిలుచును. నేల గరుకుగా నుండి, మూత్రము నిలువకుండ 40 అడుగులకు 1 అడుగు చొప్పున వాలియుండవలెను. అన్నిటికంటె ముఖ్యము నీరు. వేసవిలో పెద్ద పశువు దినమునకు 40 లీటర్లకు తక్కువ త్రాగదు. 20 పశువులకు 800 లీటర్లు. గొట్టపునీరు వచ్చు తొట్టి కట్టనిచో మిగిలిన నిర్మాణమంతయు వ్యర్థమని మా దృఢమైన యభిప్రాయము.

మేత మాట వచ్చినప్పుడు మన యింటి సొమ్మునే మనము చూచుకొనుట లేదు. పశువునకు దినమునకు 5 కిలోల వరిగడ్డి చొప్పున 20 పశువులకు 100 కిలోలు, ఏటికి 36,500 కిలోలు. ఎకరమునకు 2,000 కిలోల గడ్డి వచ్చునని తలచిన 18 ఎకరముల గడ్డి చాలును. కోతయంత్రము వచ్చినది మొదలు ఎన్ని పదుల ఎకరముల గడ్డిని మనము పొలముననే తగులబెట్టుచున్నామో ప్రతివారికిని తెలియును. ఆ గడ్డి సారము తక్కువదే. అయినను 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండ కప్పి 21 దినములుంచి, కొంతసేపు ఆరబెట్టి వేసినచో మాంసకృత్తులు పెరుగును. ఆరు నెలలలోపు దూడలకు మాత్రము దీనిని పెట్టరాదు. నీటివసతి గల ఒక్క ఎకరమున సంకర నేపియరు గడ్డి వేసినచో, దినమునకు 10 కిలోల చొప్పున ఈ పశువులన్నిటికిని పచ్చిమేత సమకూరును.

ఇప్పుడు సొమ్ము సంగతి. మేము మూడు సంచులను వేరువేరుగా నుంచవలెనందుము. ఒకదానిని మరియొకదానిలో కలుపరాదు.

మొదటిది నిర్మాణపు సంచి. ఇది భూమిమీద పడవలెను. వేయి ఎకరముల సాగు గల గ్రామమున ఎకరమునకు 500 రూపాయలు, సార్వా ధాన్యము అమ్మినప్పుడు 250, దాళ్వా అమ్మినప్పుడు 250 చొప్పున రెండు వాయిదాలుగా చెల్లించినచో 5 లక్షల రూపాయలగును. ఎకరమునకు మరల నారు పోయుటకు కావలసిన విత్తనపు వెలలో ఇది సగమునకు మించదు. ఈ చందా భూమి సొంతదారు ఇయ్యవలెను. కౌలుదారునిపై నెట్టరాదు. ఆయన కౌలు చెల్లించి, పెట్టుబడి పెట్టి, ముందే నడుము వంగియున్నాడు. మట్టిపనియు ఇటుక మోతయు చందా ఇయ్యలేనివారు శ్రమదానముగా చేయవచ్చును. సహకార సంఘములు నికరలాభమున నాలుగవ వంతు నిలువనిధికి చేర్చిన పిమ్మట మిగిలినదానిలో నూటికి 10 వంతులకు మించకుండ ధర్మకార్యములకు ఇయ్యవచ్చునని 1912 నాటి సహకార చట్టమే యనుమతించినది. మన నియమావళి ఒప్పినంత మేర ఆ వంతు ఈ పనికి ఇచ్చుట కంటె మంచి ధర్మము మాకు తోచదు.

రెండవది మేతసంచి. ఇది ధాన్యపు కళ్లమున నిండవలెను. ప్రతి రైతును తన గడ్డిలో ఒక వంతును కట్టలుగా కట్టించి వామునకు చేర్చవలెను. 20 పశువులు దినమునకు 200 కిలోల పేడ వేయును. దానిని ఎరువుగా మార్చి సభ్యులకే అమ్మినచో ఆ రాబడి కాపరి జీతమునకు కొంత తోడగును.

మూడవది దండుగసంచి. దీనినుండి కాపరికి ఒక్క పైస పోరాదు. దొడ్డిని ఎన్నడును వేలము పాటకు ఇయ్యరాదు. దండుగలో నష్టపడిన పైరు సొంతదారునకు తగు పరిహారము, మిగిలినది పశువుల మందులకు. కాపరికి నెలజీతమే యుండవలెను. పశువులు పదియున్నను ఒకటియే యున్నను జీతము మారరాదు. అప్పుడు ఆయనకు ఎవరి పశువును పట్టవలెనన్న ఆశ కలుగదు, మేత తగ్గించిన లాభము నుండదు.

దీనికి వచ్చు ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. “పశువు లేని మేమేల ఇయ్యవలెను?” అందురు. పశువు లేనివాని పైరునే కదా పరుల పశువు మేయునది! “ప్రభుత్వమే కట్టింపరాదా?” అందురు. కట్టించిన సంతోషమే. అర్జీ పెట్టుకొందము. కాని అర్జీకి జవాబు వచ్చులోపల మరియొక వేసవి వచ్చును. “పట్టణపు గోశాలకు తోలివేయుదము” అందురు. అక్కడను స్థలము మితమే. పైగా, మన పొలిమేరలో తప్పిపోయిన కూలివాని ఆవు నలుబది మైళ్ల దూరమున నుండిన వాడు దానిని ఎట్లు విడిపించుకొనును?

“దొడ్డి బాగుగా నుండిన అందరును పశువులను విడిచివేయుదురు” అను మాట మాత్రము త్రోసివేయదగినది కాదు. దీనికి విరుగుడు కలదు. 2019లో మొదలైన గాలికుంటు నివారణ కార్యక్రమము క్రింద పశువుల చెవులకు 12 అంకెల బిళ్లలు వేయబడినవి. దొడ్డికి వచ్చిన ప్రతి పశువు చెవిబిళ్ల సంఖ్యను పుస్తకమున వ్రాసి, పశువైద్యశాలలో విచారించి, సొంతదారునకు ఆనాడే కబురు పంపవలెను. తెలిసియు విడిపింపనివానిపై మేత ఖర్చు దినదినమును వ్రాసి, ఆ పట్టికను నెలకొకసారి సంఘము గోడకు అంటింపవలెను. పదిమందిలో పేరు పడునను జంకు దండుగకంటె బలమైనది. నిజముగా పేదయైనవాని పశువునకు మొదటిసారి దండుగను మాఫీ చేయవలెను. బయటినుండి వచ్చిన పశువును గాలికుంటు, గొంతువాపు, ముద్దచర్మ వ్యాధులు లేవని వైద్యుడు చెప్పువరకును వేరుగానే కట్టవలెను. లేనిచో దొడ్డి ఊరికి రోగము పంచు చోటగును.

మోషే ధర్మశాస్త్రమున శత్రువుని యెద్దు త్రోవ తప్పి కనబడినను, దానిని తోలుకొనిపోయి వానికి అప్పగింపవలెనని విధి యున్నది. తగవు మనుష్యులకు మనుష్యులకు నడుమ నున్నది గాని, ఎద్దునకు దానితో సంబంధము లేదని దాని భావము. మన బందెలదొడ్డికి ఇంతకంటె మంచి నియమము అక్కరలేదు.

ఇన్నియేండ్లుగా మేము మేలైన విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, చీడల మందులను గూర్చి ఊరూర చెప్పితిమి. చెరువుగట్టు క్రింది ఆ గోడ ప్రక్కగా ఎన్నిమార్లు నడచియు దానిని గూర్చి నోరు విప్పలేదు. ఆ లోపము మాది. దానిని ఇప్పుడైనను దిద్దుకొనుటకే ఇది వ్రాసితిమి. రాబోవు సమావేశమునకు సభ్యులందరును రావలెను. చందా మాట తరువాత చూచుకొనవచ్చును. ముందుగా నీళ్లతొట్టిని బాగుచేయించుటకు ఆనాడే తీర్మానము చేయవలెను. దానికి కావలసినది రెండు బస్తాల సిమెంటు, ఒక మేస్త్రీ, ఒక పూట పని. ఎండలు ముదురకముందే అది జరుగవలెనని మా ప్రార్థన.